ఓ.డి.చెరువు దొరకలేదు

ఆ రోజుల్లో కొత్తగా ఏది నేర్చుకున్నా వెంటనే ఎవరో ఒకరి మీద ప్రయోగించకపోతే నాకు అన్నం సహించేది కాదు. హిందూపురంలో మా మేనమామ పెళ్లిసంబంధాల ఆఫీసు నడిపేవాడు. మా వైపు ఇంటర్నెట్ అప్పుడప్పుడే వస్తున్న కాలం కదా, ఆయనకో వెబ్‌సైటు చేసిపెట్టే భాగ్యం, కంప్యూటర్ కోర్సు ముగించి ఖాళీగా ఉన్న నాకు దక్కింది. వివరాల్లో ఎవరైనా వెబ్ అడ్రసు రాస్తే అది దానంతటదే నీలంగా మారి, నొక్కగానే తెరుచుకోవాలని మామ కోరిక. దానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని ఒకటుంటుంది (పేరు చూసి భయపడకండి, ఫలానా ఆకారంలో ఉన్న మాటల్ని వెతికి పట్టుకోమని కంప్యూటర్‌కు చెప్పడమే). మధ్యలో చుక్క ఉండి, ఖాళీ లేని మాట ఏదైనా లింకేనని ఒక్క వరుసలో తేల్చేసి, ఆ వరుసను చూసుకుని తెగ మురిసిపోయాను. మా వైపు మనుషుల పేర్ల ముందు ఇంటిపేర్లు పొట్టి అక్షరాలై చుక్కలతో ఉంటాయని, ఊళ్లను సైతం ఓ.డి.చెరువు, ఎన్.పి.కుంట, సి.కె.పల్లి అని చుక్కలు పెట్టే రాస్తారని పుట్టినప్పటినుంచీ ఎరిగినదాన్నే. ఆ క్షణాన గుర్తుకు రాలేదు, ఏం చేయను!

మొదటి దెబ్బ మా ఇంటికే తగిలింది. పెనుకొండలో టీచరుగా పనిచేసే మా అక్కకు మామ ఓ.డి.చెరువు సంబంధం చూశాడు. ఫోటో చూడగానే అక్క తనకిష్టమేనని చెప్పేసింది. ఆదివారం వాళ్లు ధర్మవరంలో మా ఇంటికి రావాలి. మగ్గం దిగి నాయన, పిల్లవాడి వివరాలు చూద్దామని నెట్ సెంటర్‌కు వెళ్లాడు. ఇంటిపేరు చుక్క పుణ్యమా అని పేరు నీలంగా కనిపిస్తే నొక్కాడు. దొరకలేదని ఇంగ్లీషులో వచ్చింది (సెంటరాయన తెలుగులో చెప్పి పుణ్యం కట్టుకున్నాడు). పిల్లవాడి తండ్రి పేరు నొక్కితే అదీ దొరకలేదు. ఊరు నొక్కితే ఊరూ దొరకలేదు.

నాయన ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే పెళ్లిచూపులు రద్దు చేశాడు. "మనిషి ల్యాడు, వాళ్ల నాయన ల్యాడు, ఊరే లేదంటాండాది! యాడికిస్తాం పిల్లను?"

"ఓ.డి.చెరువుకు నువ్వే పోయొచ్చినావు కదా నాయనా!" అన్నాను.

"నేను పోయినప్పుడు ఉండె. ఇప్పుడు లేదంటాండాది కదా!"

అక్క దిండులో ముఖం దాచుకుని ఏడుస్తూ, మధ్యలో తలెత్తి నన్ను ఒక్క చూపు చూసింది. ఆ చూపు తట్టుకోలేక, మర్నాడు పొద్దున్నే నాయనను మళ్లీ నెట్ సెంటర్‌కు లాక్కెళ్లాను. మామ సైటు తెరిచి, అందులో ఇనిషియళ్లతో సహా నాయన పేరే టైపు చేశాను. నీలంగా మారింది. "నొక్కు నాయనా" అన్నాను.

నొక్కాడు. దొరకలేదు.

నాయన తెరను చూశాడు, తన రెండు చేతులూ చూసుకున్నాడు. "నేను ఈడ్నే ఉండా కదమ్మే!" అని అరిచాడు. సెంటరంతా గొల్లుమంది. నాయనకూ నవ్వు ఆగలేదు. కళ్లు తుడుచుకుని, "మీ మామ పేరు కొట్టు, వాడన్నా ఉండాడేమో చూద్దాం" అన్నాడు.

ముందు www గానీ http గానీ ఉంటేనే లింకనుకోమని ఆ పూటే దిద్దాను. ఆదివారం వాళ్లొచ్చారు, మాటలు కలిశాయి, పెళ్లయింది. మా బావకు 'దొరకని అల్లుడు' అన్న పేరు మాత్రం నిలిచిపోయింది.

నాయన ఇప్పుడు లేడు. ఈ మధ్య పాత సీడీలో ఆ మొదటి ప్రోగ్రాం కనిపిస్తే ఆయన పేరు టైపు చేసి నొక్కాను. దొరకలేదంది. "నేను ఈడ్నే ఉండా కదమ్మే!" అని చెవి పక్కనే వినిపించి, ఒక్కదాన్నే కూర్చుని కళ్లు తుడుచుకుంటూ నవ్వుకున్నాను. ఆ వరుసలో తప్పెక్కడుందో, ఎలా దిద్దాలో నాకు తెలుసు. దిద్దకుండా అలాగే ఉంచాను.