రూతమ్మ గారి ఫ్లాపీ

దెయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. చిన్నప్పుడు మా అమ్మీ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కడితే, వీధి మలుపు తిరగ్గానే విప్పి జేబులో వేసుకున్న రకం నేను. మదనపల్లెలో నాకు డేటా రికవరీ షాపు ఉంది. పాడైన డిస్కుల్లోంచి ఫొటోలూ ఫైళ్లూ బయటికి తీయడం నా పని. కంప్యూటర్ వింతగా ప్రవర్తిస్తోందని ఎవరైనా అంటే ముందు కేబుల్ చూస్తాను.

పోయినేడు ఎస్తేరు అనే నర్సు ఒక ఫ్లాపీ తెచ్చింది. వాళ్లమ్మ రూతమ్మ గారు పుంగనూరులో ఒక చర్చిలో చాలా ఏళ్లు కీబోర్డు వాయించారట. ఆమె పోయి చాలా కాలమైంది. ఆమె వాయించిందంటూ మిగిలింది ఆ ఫ్లాపీలోని ఒక్క పాటే.

"మా నాయనకి పక్షవాతం వచ్చినాంక మాట పోయిందన్నా. అన్నీ అర్థమైతాయి, నోట్లోంచి మాటే రాదు. పాట పాడిస్తే మాట తిరిగి రావచ్చునని డాక్టరు చెప్పినాడు. ఎవురు పాడినా నాయన నోరు తెరవల్యా. అమ్మ వాయిస్తే పాడతాడేమో సూడాల" అంది.

పోతూ పోతూ ఇంకో మాట చెప్పింది. "మా అమ్మ అందరి మాదిరి వాయించేది కాదన్నా. ముసిలోళ్లు ఊపిరాడక వెనకబడితే, వాళ్లు అందుకొనేదాకా మెట్టు మీంచి ఏలు తీయకుండా ఆగతాండె."

ఫ్లాపీ పెడితే, దీన్ని ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటర్ అడిగింది. అడుగుతుంది మరి. పాత కీబోర్డులు పాటల్ని తమ సొంత పద్ధతిలో రాసుకునేవి. ఇప్పటి కంప్యూటర్లకు ఆ రాత తెలీదు, ఖాళీ డిస్కే అనుకుంటాయి. అవునని నొక్కేసి లబోదిబోమంటూ వచ్చేవాళ్లతోనే నా షాపు సగం నడుస్తోంది. నేను బూజు తుడిచి, ఒక్కో ముక్కా మళ్లీ మళ్లీ చదివించి, మొత్తానికి పాటను బయటికి తీశాను.

అందులో ఉండేది శబ్దం కాదు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, అంతే. షాపులో చాలాసార్లు వేసి విన్నాను. మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా సాఫీగా సాగింది. మీ అమ్మగారు ఇందులో ఎక్కడా ఆగలేదమ్మా అని ఎస్తేరుకు ఫోన్ చేసి చెప్పాను కూడా.

"ఆ పొద్దు ఇంట్లో ఒకతే వాయించుకొనిందన్నా. ఎవురూ పాడకపోతే యాల ఆగతాది?" అంది.

ఆమె వాయించిన కీబోర్డును చర్చివాళ్లు ఎప్పుడో కుప్పంలో ఒక పెళ్లి బ్యాండుకు ఇచ్చేశారు. ఎస్తేరు వెళ్లి బతిమాలి, ఒక్క పూటకు తెచ్చింది. దానికి ఫ్లాపీ పెట్టే భాగం పనిచేయడం లేదు. నా ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపితే మాత్రం పాట దాంట్లోంచే వస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం పుంగనూరులో వాళ్లింటికి వెళ్లాను. ఎస్తేరు నాన్నగారు దానియేలప్ప, రిటైరైన టీచరు, కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. పాట మొదలవగానే తలెత్తారు. మొదటి చరణమంతా ఊరికే విన్నారు. రెండో చరణంలో పెదవులు కదిలాయి, ఆ తర్వాత గొంతు లేచింది. అంతలో ఒక మాట దగ్గర ఆయన నాలుక చిక్కుకుపోయింది.

పాట ఆగింది.

తెగిపోలేదు. నొక్కి ఉన్న మెట్లు అలాగే మోగుతున్నాయి, ముందుకు పోవడం లేదు. ల్యాప్‌టాప్ హ్యాంగయిందనుకున్నాను. చూస్తే తెర మూలన గడియారం నడుస్తూనే ఉంది. మౌస్ మీద చెయ్యి వేయబోతే, "ముట్టుకోవద్దన్నా" అని ఎస్తేరు నా చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు. దానియేలప్ప గారు ఎలాగో ఆ మాట పెగల్చుకున్నారు. పాట కదిలింది.

కేబుల్ మార్చాను. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాను. రెండోసారి ఆయన వేరే మాట దగ్గర తడబడ్డారు. పాట అక్కడే ఆగింది. మొదటిసారి ఆగిన చోట ఆగలేదు.

నేను మొండివాణ్ణి. మిషన్ బడిలో చదివినవాణ్ణి కాబట్టి ఆ పాట నాకూ వచ్చు. మూడోసారి నేనే పాడతాను, మీరు ఊరుకోండి అని చెప్పి గొంతెత్తాను. చరణం మధ్యలో కావాలని ఆపేశాను. పాట నన్ను వదిలేసి తన దారిన తాను పోయింది. పరిగెత్తి అందుకుని మళ్లీ ఆపాను. మళ్లీ వదిలేసింది.

దానియేలప్ప గారు నా అవస్థ చూసి భుజాలు కదిలేలా నవ్వారు. నవ్వి, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అన్నారు.

"నీ కోసరం... యాల ఆగతాదప్పా... ఆయమ్మ?"

పక్షవాతం వచ్చాక ఆయన పూర్తిగా చెప్పిన మొదటి మాట అది. ఎస్తేరు ఆయన మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చేసింది. నేను వైర్లు చుట్టుకునే నెపంతో అటు తిరిగాను.

ఇప్పుడు ఆయన బాగానే మాట్లాడుతున్నారు. ఆ ఫైలు నా దగ్గర ఉంది. షాపులో ఎవరూ లేనప్పుడు వేసుకుని వింటాను. ఎక్కడా ఆగదు. దాని లోపల ప్రతి అంకె తిరగేసి చూశాను. నేను రికవరీ చేసింది ఆవిడ నొక్కిన మెట్లు మాత్రమే. ఆ ఆగడం ఫ్లాపీలో లేదు. ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు.