సంగీతానికి రాత పరీక్ష

తాడేపల్లిగూడెంలో ఆ ప్రైవేటు స్కూలు గేటు మీద కొత్త బోర్డు పెట్టిన ఏడాదే నేను అక్కడ సంగీతం టీచరుగా చేరాను. బోర్డు మీద ఒక పాప వయొలిన్ వాయిస్తూ ఉంటుంది, ఒక బాబు బ్యాటు ఊపుతూ ఉంటాడు, ఇంకో పాప చేతిలో కుంచె. కింద పెద్ద అక్షరాలతో ‘చదువుతో పాటు సంగీతం, చిత్రలేఖనం, ఆటలు’. అది చదివి నిజంగానే సంబరపడ్డాను. మాది గణపవరం. మా నాన్నగారు చర్చిలో హార్మోనియం వాయించేవారు. ఆయన పక్కన కూర్చునే నాకు పాట వచ్చింది. తర్వాత ఏలూరులో ఒక టీచరుగారి ఇంటికి ఏళ్ల తరబడి వెళ్లి కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. పిల్లలకు పాట నేర్పడం తప్ప నాకు చేతనైన పని ఇంకోటి లేదు.

ప్రతి క్లాసుకీ వారానికి రెండు పీరియడ్లు ఇచ్చారు. రెండూ సాయంత్రం ఆఖరివే. మొదటి రోజు ఏడో తరగతిలో శ్రుతి పెట్టె ఆన్ చేసి పిల్లల చేత ‘స’ అనిపించే లోపే గుమ్మంలో లెక్కల మేడం ప్రత్యక్షమయ్యారు.

“ఏవండీ, ఏమీ అనుకోకండేం. సిలబస్ అవ్వలేదండీ. ఈ ఒక్క పీరియడూ నాకిద్దురూ.”

ఇచ్చాను. మర్నాడు సైన్సు మాస్టారు అడిగారు, అంతే మర్యాదగా. ఆ మర్యాదే నన్ను చంపేసింది. దబాయించి అడిగితే నేనూ దబాయించి కాదనేదాన్ని. “మీకేం పర్లేదు కదండీ, పాటలే కదా” అని నవ్వుతూ అడిగే మనిషిని ఏమనగలం? ఇచ్చేసి, స్టాఫ్ రూములో శ్రుతి పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని.

నా ఒక్కదాని గతే కాదు అది. పీఈటీ మాస్టారికి గ్రౌండ్ ఉంది, కానీ దాన్నిండా స్కూలు బస్సులే. పొద్దున పిల్లల బెల్టులూ బూట్లూ చూడడం, సాయంత్రం బస్సులు వెనక్కి తీయించడం, ఇదీ ఆయన వ్యాయామ విద్య. డ్రాయింగు మాస్టారు మిగతా టీచర్లందరికీ చార్టులు రాసిపెడుతూ ఉండేవారు. పిల్లల చేతికి రంగు పెన్సిలు ఇవ్వగా నేను చూడలేదు.

ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. గుండుగొలనులో స్కూలు బస్సెక్కి వచ్చేది. వాళ్ల నాన్నగారికి కొల్లేరు వైపు చేపల చెరువు ఉంది. సెలవు రోజుల్లో గట్టు మీద నిలబడి, చేపల కోసం వాలే పక్షుల్ని కేకలేసి తోలేదట. ఆ గొంతు అలా సాగిందో, పుట్టుకతో వచ్చిందో తెలియదు గానీ, నాకు దొరికిన అరా కొరా పీరియడ్లలో ఆ అమ్మాయి పై స్థాయి అందుకుంటే మిగతా పిల్లలు పాడడం ఆపి వినేవారు. అలాంటి గొంతును పెట్టుకుని నేను వారం వారం లెక్కల మేడానికి క్లాసు అప్పగిస్తున్నాను. ఒళ్లు మండిపోయేది.

పేరెంట్స్ మీటింగ్‌లో ఆ అమ్మాయి నాన్నగారు నా దగ్గరికి వచ్చారు. పక్కనే ప్రిన్సిపాల్ గారు ఉన్నారు.

“మేడం గారూ, మా పాప ఇంటికొచ్చి ఒక్క పాటా పాడట్లేదేంటండీ? పాటల క్లాసుందనే కదండీ ఇంత దూరం పంపుతున్నాం.”

ఆ క్షణాన నా నోరు ఆగలేదు. “క్లాసు జరిగితే కదండీ పాడడానికి! నేను చేరిన దగ్గర్నుంచీ మీ పాప క్లాసులో ఒక పాట మొదలుపెట్టి చివరిదాకా నేర్పింది లేదండీ.”

చుట్టూ ఉన్న తల్లిదండ్రులు దగ్గరికి జరిగారు. “బోర్డు మీద వయొలిన్ ఉంది, అదెక్కడుందండీ?” అని ఎవరో అడిగారు. ఆ స్కూల్లో వయొలిన్ అన్నది బోర్డు మీద తప్ప లేదు. ప్రిన్సిపాల్ గారు చిరునవ్వు చెదరకుండా అందరికీ కాఫీ చెప్పారు.

మర్నాడు నన్ను గదికి పిలిచారు. ఉద్యోగం పోయిందనుకునే వెళ్లాను.

“మీరన్నది కరెక్టేనండీ” అన్నారు. “మనం మ్యూజిక్‌ని సీరియస్‌గా తీసుకోలేదు. అందుకని ఈ టర్మ్ నుంచీ దానికీ పరీక్ష పెడదాం. ప్రోగ్రెస్ కార్డులో మార్కులు పడ్డాయంటే ఇంక మీ పీరియడ్ ఎవరూ అడగరండీ.”

“పాడించి మార్కులు వేయాలాండీ?”

“అబ్బే, పాడిస్తే పక్క క్లాసులకి డిస్టర్బెన్స్ కదండీ. రాత పరీక్షే. బిట్ పేపర్ చేసేయండి చాలు.”

పీఈటీ మాస్టారికీ అదే ఉత్తర్వు వచ్చింది. ఆయన బస్సుల మధ్య నిలబడి పిల్లలకు కబడ్డీ కోర్టు కొలతలు డిక్టేట్ చేయడం మొదలుపెట్టారు.

ప్రిన్సిపాల్ గారు చెప్పింది మాత్రం నిజమే అయింది. ఆ తర్వాత నా పీరియడ్ ఎవరూ అడగలేదు. పీరియడ్ మొత్తం నాదే, అందులో పాట తప్ప అన్నీ ఉన్నాయి. ‘శ్రుతి అనగానేమి? లయ అనగానేమి?’ అని నోట్సు చెప్తుంటే పిల్లలు తలలు వంచుకుని రాసుకునేవారు. ఒక రోజు ఆ గుండుగొలను అమ్మాయి లేచి నిలబడింది.

“మేడం, ‘రాగము అనగానేమి’ అన్నది ఏ రాగంలో చదవాలండీ?”

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల ఎగతాళిగా అడగలేదు, నిజంగానే అడిగింది. నేను వెనక్కి తిరిగి బోర్డు తుడవడం మొదలుపెట్టాను.

మొదటి పరీక్షలో ఆ అమ్మాయికి క్లాసులో అందరికంటే తక్కువ వచ్చాయి. ఆ పేపరు దిద్దింది నేనే. “చదవలేదా అమ్మా?” అంటే, “చదివానండీ. రాసేటప్పుడు గుర్తు రాలేదు. పాడమంటే పాడేసేదాన్ని” అంది. ఆ సాయంత్రం గణపవరం బస్సులో కూర్చున్నాక ఎవరి మీదో తెలియని కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

రెండో పరీక్షకు పేపరు తయారుచేసేటప్పుడు ఆ కోపం ఇంకా తగ్గలేదు. ‘కింది స్వరాలలో తప్పు ఎక్కడుందో గుర్తించుము’ అని ఒక ప్రశ్న పెట్టాను. దొరికిన అరా కొరా పీరియడ్లలో వాళ్ల చేత పాడించిన స్వరాలే కింద రెండు వరుసలు రాసి, నడుమ ఒక్కచోట అటూ ఇటూ మార్చాను. పాడి చూసుకోకుండా ఏడో తరగతి పిల్లలెవరూ దాన్ని పట్టుకోలేరు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

పరీక్ష రోజు ఆ గదిలో డ్యూటీ లెక్కల మేడానిది. నేను పక్క గదిలో ఉన్నాను. కాసేపటికి గోడ అవతల నుంచి తుమ్మెదలు మూగినట్టు సన్నగా కూనిరాగం మొదలైంది. “సైలెన్స్!” అని మేడం కేక. ఆగింది. మళ్లీ మొదలైంది. ఈసారి కొంచెం గట్టిగా. వాటన్నిటి మీదుగా ఆ అమ్మాయి గొంతు లేచింది. మిగతా పిల్లలు ఆ గొంతు పట్టుకుని వరుసంతా పాడుకుంటూ వెళ్లి, స్వరం తప్పిన చోట టక్కున ఆగి, “ఇక్కడే! ఇక్కడే!” అని అరిచారు. మూడు గదుల పిల్లలు కిటికీల్లోంచి తొంగి చూశారు.

లెక్కల మేడం నేరుగా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లారు. వెంటనే నాకు పిలుపు వచ్చింది.

“పరీక్ష హాల్లో పాటలేంటండీ?” అన్నారాయన. మొదటిసారి ఆ ముఖంలో నవ్వు లేదు.

“సంగీతం పరీక్షండీ” అన్నాను.

ఆయన నా వంకా మేడం వంకా చూసి తల పట్టుకున్నారు. “ఇలాగైతే మిగతా క్లాసులు నడవవండీ. మీకో దణ్ణం. రాతా వద్దు, ఏమీ వద్దు. వెనకాల బస్సుల షెడ్డులో ప్రాక్టికల్ పెట్టేసుకోండి. పీరియడ్లు కూడా అక్కడే. ఈ బిల్డింగులో మాత్రం చప్పుడు రాకూడదు.”

అలా నాకు రేకుల షెడ్డు దక్కింది. డీజిలు వాసన, వాన పడితే రేకుల మోత. అయినా అక్కడ పిల్లలు నోరు తెరిచి పాడుతున్నారు. ఆ అమ్మాయి మొదటి పాట చివరిదాకా నేర్చుకుంది, ఇంట్లో అందరికీ పాడి వినిపించిందట. పీఈటీ మాస్టారు కూడా ధైర్యం చేసి ప్రాక్టికల్ అడిగారు గానీ, “మరి బస్సులెవరు చూస్తారండీ?” అని ఆయన్ని తిప్పి పంపేశారు. ఆయన పిల్లలు ఇప్పటికీ కబడ్డీని కంఠతా పడుతున్నారు.

మొన్న ప్రోగ్రెస్ కార్డులిచ్చిన రోజున ఒక తల్లి నన్ను వెతుక్కుంటూ షెడ్డుకు వచ్చారు.

“మావాడికి మ్యూజిక్‌లో బి గ్రేడేంటండీ? ట్యూషన్ పెట్టించమంటారా?”

“ట్యూషన్ ఎందుకండీ, ఇంట్లో కాసేపు పాడనివ్వండి చాలు.”

ఆవిడ కంగారుగా చూశారు. “అలా పాడుతూ కూర్చుంటే చదువు పాడైపోదాండీ?”

షెడ్డులోకి బస్సొకటి వెనక్కి వస్తోంది. పిల్లల్ని పక్కకు జరగమని, శ్రుతి పెట్టె తీసుకుని నేనూ జరిగాను.