అనసూయమ్మ హోటల్‌కు మంగళవారం సెలవు

యాత్రలు రాసేవాళ్లలో వెళ్లొచ్చి రాసేవాళ్లుంటారు, రాసేశాక వెళ్లేవాళ్లుంటారు. నేను మొదటి రకమేనని పద్నాలుగేళ్లుగా పాఠకులు నమ్ముతున్నారు.

పదిలో తొమ్మిదిసార్లు వాళ్ల నమ్మకం నిజమే. ఆ పదోసారి మాత్రం మోకాలి నొప్పో, ముసురో, చుట్టాలో అడ్డం వస్తారు. ఆదివారం అనుబంధానికి శుక్రవారంలోగా వ్యాసం అందాలి కదా. అలాంటి ఒక పదోసారి, లింగంపల్లిలో మా వంటింట్లో కూర్చుని, సంగారెడ్డి నుంచి నర్సాపూర్ వెళ్లే దారిలో హత్నూర దగ్గర ఒక జొన్నరొట్టెల హోటల్ కట్టాను. రేకుల కప్పు వేశాను. నీలం తలుపు పెట్టాను. పొయ్యి ముందు అనసూయమ్మ అనే పెద్దావిడను కూర్చోబెట్టి, ఆవిడ చేత ఏడు రకాల కారాలు నూరించాను. షిఫ్టుకు వెళ్లేవాళ్లకు కంపెనీ బస్సు తప్పిపోకుండా ఆవిడ గోడగడియారాన్ని ఇరవై నిమిషాలు ముందుకు తిప్పి ఉంచుతుందని రాశాను. చివర్లో అలవాటు ప్రకారం ఒక మాట కలిపాను: మంగళవారం సెలవు.

ఈ చివరి మాట నా పనితనం. లేని హోటల్‌కు ఒక సెలవు దినం పెట్టి చూడండి, వెంటనే ఉన్నట్టు అనిపిస్తుంది. లేనిదానికి సెలవు ఎవరిస్తారు?

రెండేళ్లు ఏ గొడవా లేదు. పోయిన చలికాలంలో ఒక సోమవారం సాయంత్రం మా ఎడిటర్ ఫోన్ చేశాడు. కొత్తగా వచ్చిన కుర్రాడు, చాలా మర్యాదస్తుడు, అదే భయం.

"అమ్మా, తెల్లాపూర్ నుంచి ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు రాశారు. వాళ్ల అపార్టుమెంట్ వాళ్లు పన్నెండు మంది మినీ బస్సు మాట్లాడుకుని ఆదివారం మీ అనసూయమ్మ హోటల్‌కు వెళ్తున్నారట. ఫోన్ నంబరు అడుగుతున్నారు."

"ఆవిడ ఫోను వాడదు బాబూ."

"పోనీ ఒక ఫొటో?"

"ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ నమ్మకం."

"రేపు సాయంత్రంలోగా నంబరూ ఫొటో రెండూ కావాలమ్మా. అక్కడ అలాంటిదేమీ లేదని తేలితే ఇక మీ శీర్షిక నడపలేను."

రాత్రి భోజనాల వేళకే ఉపాయం తట్టింది. ఆ దారిలో రొట్టెలు చేసే ఆడమనిషిని ఎవరినైనా పట్టుకోవాలి. ఒక్క ఆదివారానికి అనసూయమ్మగా ఉండమని బతిమాలాలి. మా హాల్లో గోడగడియారం తీసి సంచిలో వేసుకున్నాను. మర్నాడు ఏ వారమో తట్టనే లేదు. నేను ఆడిన అబద్ధాలన్నీ గుర్తుపెట్టుకుంటే ఇక రాసేదెప్పుడు?

మంగళవారం పొద్దున ఏడూ పదికి లింగంపల్లిలో సంగారెడ్డి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితమైనప్పటి నుంచి దారి ఖర్చుల గురించి రాయడానికి నాకేమీ మిగల్లేదు. మగ పాఠకులు తమ టికెట్ సంగతి తామే కనుక్కోవాలి.

ఎనిమిదికి పదినిమిషాలుండగా పటాన్‌చెరు. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు మెడలో కార్డులతో గుంపుగా ఎక్కారు. నా పక్కన ముప్పై ఏళ్ల అమ్మాయి కూర్చుంది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పనట. ఖాళీ టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది, ఇస్నాపూర్ దాటకముందే తెరిచింది.

"అక్కా, నీ సంచిల ఏందో టిక్కు టిక్కు అంటుంది."

"గడియారం. మా మరిది బిడ్డ పెండ్లికి ఇయ్యనీకి తీస్కపోతున్న. ఆ ఇంట్ల ఎవ్వరికి టైము సోయి లేదు. లగ్గం ముహూర్తమే రెండుపార్ల తప్పింది."

ఆమె పడీపడీ నవ్వింది. "ఏం పని జేస్తవక్కా?"

"ఊర్లు తిరిగి పేపర్ల రాస్త."

"తిరిగితే పైసలిస్తరా?"

"రాస్తే ఇస్తరు."

"మరి తిరగకుంట రాస్తే?"

కిటికీలోంచి లారీలను చూశాను. రాత్రంతా డ్యూటీ చేసినవాళ్ల బుర్ర పొద్దున్నే అంత పదునుగా ఉంటుందని నాకు తెలియదు.

ఎనిమిదీ నలభైకి సంగారెడ్డి. బస్టాండు ఎదురుగా నాలుగు ఇడ్లీలు తిన్నాను. చట్నీలో పుట్నాలు ఎక్కువ, కొబ్బరి తక్కువ. తొమ్మిదింబావుకు నర్సాపూర్ బస్సు దొరికింది. ఊరు దాటాక పత్తి చేలు, మధ్యలో ఫ్యాక్టరీ ప్రహరీ, మళ్లీ పత్తి. కండక్టర్ దగ్గరికి రాగానే హత్నూర మలుపు దగ్గర దింపమన్నాను.

"అనసూయమ్మ హోటల్ కాడనా?" అన్నాడు టికెట్ కొడుతూ.

"ఏ హోటల్?"

"గదేనమ్మా, రొట్టెల హోటల్. మీలెక్క పట్నమోళ్లంత గాడనే దిగుతరు. గని ఇయ్యాల మంగళారం గదా, బంద్ ఉంటది."

ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. నేను రాసింది తిరిగి నాకే ఒకరు చెప్పడం ఈ పద్నాలుగేళ్లలో అదే మొదలు.

పదీ పదికి దిగాను. రోడ్డుకు ఎడమవైపు రేకుల కప్పు, నీలం తలుపు, తలుపుకు తాళం. పైన చేత్తో రాసిన బోర్డు: అనసూయమ్మ జొన్నరొట్టెల హోటల్, మంగళవారం సెలవు. కుడివైపు రంగురంగుల ఫ్లెక్సీ: ఒరిజినల్ అనసూయమ్మ హోటల్. ముందు ఏడెనిమిది బైకులు, లోపల పాటలు. లేని హోటల్ కోసం వస్తే రెండు దొరికాయి.

తెరిచి ఉన్నదాని వైపు రెండడుగులు వేశానో లేదో, పంక్చర్ షాపులోంచి కేక వినిపించింది.

"ఓ అక్కా! గటెక్కడికి? గది డూప్లికేటు!"

ట్యూబు నీళ్లలో ముంచి చూస్తున్న నడివయసు మనిషి. పేరు మల్లేశ్ అట.

"ఒరిజినల్ అని రాసున్నది గదా అన్నా?"

"ఒరిజినలైతే రాసుకునుడెందుకు? అసలుది ఇది. పేపర్ల ఎట్లున్నదో అట్లనే, నీలం తలుపు, మంగళారం బంద్. వాడు తలుపుకు నీలం గూడ ఏసిండు గని, మంగళారం గిరాకీ ఇడవలేకపోయిండు. గాడ దొరికిండు!"

అసలావిడ ఇల్లెక్కడని అడిగాను. ట్యూబుతోనే దారి చూపించాడు. వెనక సందులో మూడో ఇల్లు, యాదమ్మ.

యాదమ్మ అరుగు మీద చాటలో జొన్నలు ఏరుతోంది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. నోరు తెరవగానే నాకు అలవాటైనదే వచ్చింది.

"అక్కా, జొన్నల మీద సర్వే జేస్తున్నం. రొట్టెలు ఎంతమంది తింటున్నరని..."

ఆమె చాట పక్కన పెట్టి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "పేపర్ల ఫొటోల జెర సన్నగుంటివి గదనే," అంది.

లోపలి గోడకు నా వ్యాసం అద్దం కట్టించి వేలాడుతోంది. మూలన నా ఫొటో, పద్నాలుగేళ్ల కిందటిది. సర్వే అక్కడితో ముగిసింది.

"కూసో, నిన్నేమననులే. పదేండ్లు కంపెనీల స్వీపర్ పని జేసిన. అది బంద్ అయినంక రోడ్డు మీద రొట్టెలు పెట్టుకున్న. పేరు లేదు, బోర్డు లేదు. ఒకనాడు కారుల వచ్చి, అనసూయమ్మ హోటల్ ఏదన్నరు. తెల్వదన్న. మల్ల ఇంకో కారు. తెల్వదన్న. ఆకలితోని వచ్చినోళ్లను ఎన్నిసార్లు గట్ల పంపాలె? నాలుగోపారి, కూసోండ్రి బిడ్డా, నేనే అన్న."

"తలుపు?"

"పచ్చగుండె. నీలం ఏసిన. గడియారం కొని ఇరవై నిమిషాలు ముంగట పెట్టిన. ఏడు కారాలంటివి, ఏడు నూరలేక నా రెక్కలు పడిపోయినయ్. ఇగ పేరంటవా..."

లోపల్నుంచి ముసలాయన గొంతు వచ్చింది. "అనసూయా, ఎవరొచ్చిన్రే?"

"సూసినవా? కట్టుకున్నోడు గూడ గట్లనే పిలుస్తుండు."

వచ్చిన పని చెప్పాను. శీర్షిక పోయే సంగతి, సాయంత్రం గడువు, తెల్లాపూర్ మినీ బస్సు, అన్నీ. ఒక్కదానికీ రంగు పూయలేదు.

"నంబరిస్త, ఫొటో గూడ దిగుత," అంది యాదమ్మ. "ముందుగాల నా మంగళారం నాకియ్యి."

విషయం ఇదీ. దగ్గరి ఫ్యాక్టరీకి వారపు సెలవు మంగళవారమే. క్యాంటీన్ ఉండదు. ఒడిశా నుంచి వచ్చిన పనివాళ్లు కిరాయి గదుల్లోంచి బయటికొచ్చి తినేది ఆ రోజే. ఈ పేరు పెట్టుకోకముందు వారం మొత్తంలో యాదమ్మకు మంచి గిరాకీ ఆ రోజే. ఇప్పుడు తలుపు మూసి ఉంటుంది కాబట్టి అందరూ రోడ్డు దాటుతున్నారు. అటు అలవాటు పడ్డవాళ్లు బుధవారం కూడా ఇటు రావడం లేదు. ఇలాగైతే వేసవి దాకా నడపలేనంది.

"మరి తెరువరాదు అక్కా!"

"ఎట్ల తెరుస్తనే? పేపర్ల ఉన్నది నేనే అని సూపెట్టుకోను నాకున్నది గదొక్కటే. నేను గూడ తెరిస్తే వాడూ నేనూ ఒక్కటైతం. రాసినదానివి నువ్వే కొట్టెయ్యాలె."

కొట్టేయడం తేలికే. కానీ ఆ గుర్తు తీసేస్తే ఇంకో గుర్తు కావాలి. నా బుర్ర అప్పటికే పని మొదలుపెట్టింది. "పిండిల నూరేండ్ల బాయి నీళ్లు కలుపుతవని రాస్త. ఆ బాయి..."

"సాలు సాలు! నువ్వు రాసిందల్ల నేను జెయ్యాలె. ఇగ బాయి తవ్వనా? ఈపారి ఉన్నది రాయి. లోపలికొచ్చి సూడు."

పదకొండున్నరకు పొయ్యి వెలిగించింది. నేను పీట మీద కూర్చుని, వృత్తిలో చాలా అరుదుగా చేసే పని చేశాను: ఊరికే చూశాను. వేడినీళ్లు పోసి పిండి మర్దించింది. ముద్దను పీట మీద పెట్టి కుడిచేత్తో తడుతూ ఎడమచేత్తో తిప్పుతోంది. ఒకటే తాళం, ఎక్కడా తప్పలేదు. నాలుగో రొట్టె పెనం మీద పడ్డాక గమనించాను. ప్రతి రొట్టె అంచునా ఒకేచోట గోరంత సొట్ట. ఆమె కుడిచేతి ఉంగరపు వేలు సగానికి వంగి ఉంది.

"వేలికేమైంది?"

"కంపెనీల డ్రమ్ము మీద పడ్డది. మల్ల సక్కగ కాలె." చేతిని చటుక్కున కొంగు కిందికి లాక్కుంది. "సొట్ట కనబడుతుందా? గిరాకీ సూడకుంట నేను గా దిక్కు మడిచి పెడత."

"ఇగ మడవకు. ఇదే రాస్త."

"గిదా? నా సిగ్గు దీస్తవా?"

"అక్కా, వాడు తలుపుకు రంగు ఏసుకుంటడు, బోర్డు కట్టుకుంటడు, మంగళారం మూస్తనంటే రేపు మూస్తడు గూడ. ఈ వేలు యాడికెల్లి తెస్తడు?"

యాదమ్మ కొంగు తీసి ఆ వేలి వంక చాలాసేపు చూసింది, దాన్ని ఎవరో ఇప్పుడే తెచ్చి అతికించినట్టు. "ఇన్నవా?" అని లోపలికి అరిచింది.

"ఇన్న," అన్నాడు ముసలాయన. "సొట్ట లేని రొట్టె నాకు పెట్టినా తెలుస్తది. తినను."

మూడు రొట్టెలు తిన్నాను, పుంటికూర పచ్చడితో, పచ్చి ఉల్లిగడ్డతో. మిగతా ఆరు కారాల గురించి నేనూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు. ఫొటో తీసుకున్నాను. వెనక నవ్వు, దాని ముందు చెయ్యి, చేతిలో సొట్ట రొట్టె. నంబరు రాసుకున్నాను. వచ్చే మంగళవారం నుంచి తాళం తీస్తానని, బోర్డు మీద చివరి ముక్క చెరిపేస్తానని ఆమె మాటిచ్చింది.

తలెత్తి చూస్తే గోడగడియారం ఒకటిన్నర. నర్సాపూర్ నుంచి వచ్చే బస్సు ఒకటీ ఇరవైకే! చెప్పులు సరిగా తొడుక్కోకుండానే సందులోంచి పరుగెత్తాను. మల్లేశ్ తలెత్తాడు.

"ఎందుకురుకుతున్నవక్కా? ఒకటీ పదే అయింది. ఆమె ఇంట్ల గడియారం గూడ గట్లనే పెట్టుకున్నది."

సరైన టైము చూపే గడియారం సంచిలో పెట్టుకుని, నేనల్లిన కట్టుకథ చూసి ఆయాసపడ్డాను. అతని బల్ల మీద కూర్చుని బస్సు వచ్చేలోగా వ్యాసం ముగించాను. పది వాక్యాలు. ఇంత త్వరగా ఎప్పుడూ రాయలేదు. చూసింది రాయడంలో ఇంత సుఖముందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. కాగితాన్నీ ఆమెనూ రెండు ఫొటోలుగా, నంబరుతో సహా ఎడిటర్‌కు పంపేశాను.

రెండుంబావుకు సంగారెడ్డి, వెంటనే లింగంపల్లి బస్సు. పటాన్‌చెరు దగ్గర ట్రాఫిక్‌లో అరగంట ఆగాం. మొదటి షిఫ్టు దిగినవాళ్లు నిలబడే నిద్రపోతున్నారు. మీలో ఎవరైనా వెళ్లదలిస్తే పొద్దున తొమ్మిదింబావు బస్సే మంచిది, కండక్టర్లందరికీ ఆ చోటు తెలుసు. కూర్చోగానే రొట్టె అంచు చూసుకోండి. ఇన్నేళ్లలో ఎన్నో ఊళ్లకు నేను అలంకారాలు తొడిగాను. అవన్నీ ఊరుకున్నాయి. ఈ ఒక్క ఊరు మాత్రం నేను తొడిగినవి ఓపిగ్గా మోసి, మోయలేనిది ఒకటి తీయమని అడిగింది.

ఆ ట్రాఫిక్‌లోనే ఎడిటర్ ఫోన్ చేశాడు.

"ఫొటో చాలా బాగుందమ్మా. నంబరుకు ఫోన్ చేశాను, అనసూయమ్మ గారు బాగా మాట్లాడారు. మిమ్మల్ని అనుమానించినందుకు ఏమీ అనుకోకండి. వ్యాసం ఈ వారమే వేస్తున్నాం. నీలం తలుపు, ఇరవై నిమిషాల గడియారం, అన్నీ ఎంత సహజంగా ఉన్నాయో! ఒక్కటే..."

"చెప్పు బాబూ."

"ఆ వేలి సొట్ట సంగతి మరీ కల్పించినట్టుంది. తీసేద్దామా?"

సంచిలో గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"తీయొద్దు," అన్నాను. "నమ్మకపోతే వెళ్లి చూసిరా. వచ్చే మంగళవారమైనా సరే, తెరిచే ఉంటుంది."