చచ్చినోడు మా ఊరోడు కాదు

నైజాం జమానాలో నాగర్‌కర్నూల్ తాలూకాలో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా నా కలం కిందికి రావలసిందే. రోగాల లెక్కలన్నీ నా గుప్పిట్లో ఉండేవి. తహసీల్దారు నన్ను సంప్రదించందే జిల్లాకు ఒక్క ముక్క కూడా పంపేవాడు కాదు.

కొంచెం పెంచి చెప్పాను. తహసీల్దారు నాతో మాట్లాడింది ఒక్కసారే, అదీ గాలి వచ్చే దారిలోంచి పక్కకు జరగమని. ఊళ్లలో చావులూ రోగాలూ రాసే పోలీసు పటేళ్లు వారం వారం పంపే కాగితాలు విప్పడం, ఊరి పేరు పక్కన అంకె వేయడం, కింద కూడి పేష్కారు ముందు పెట్టడం, ఇదీ నా ఉద్యోగం. పేష్కారంటే మా కచేరిలో తహసీల్దారు తర్వాత అంతటివాడు. అత్తరు పూసుకున్న తెల్లగడ్డం, ఎప్పుడూ విసుగ్గా ఉండే కళ్లు.

ఆ వానాకాలం కూడిక చాలా తేలికగా ఉండేది. తాలూకా అంతటా గత్తర పడింది. కలరాను మా దిక్కు గత్తర అంటాం. ఫలానా ఊళ్లో పాడె మోయడానికి మనుషులు దొరకడం లేదని బండ్లవాళ్లు కచేరి ముందు ఎద్దులు విప్పుతూ చెప్పుకునేవారు. నేను లోపలికి వచ్చి కాగితం విప్పితే అదే ఊరి పటేలు ‘ఖైరియత్’ అని రాసి ఉండేవాడు. అంతా క్షేమం, రోగం లేదు. ఇంకొకటి విప్పితే అందులోనూ ఖైరియతే. సున్నా కింద సున్నా వేసి, కింద గీత గీసి, ఆ గీత కింద మళ్లీ సున్నా వేసేవాణ్ణి.

పటేళ్లు అబద్ధాలు రాస్తున్నారనుకుని మొదట పళ్లు కొరుక్కున్నాను. వాళ్లు అబద్ధం రాయడం లేదని తెలిశాక ఇంకా ఒళ్లు మండింది. చీరెల మూట ఎత్తుకుని రాజోలి నుంచి వచ్చిన నేతగాడు మా తాలూకా ఊళ్లో పోతే ఇక్కడి పటేలు రాయడు, మనిషి రాజోలివాడు గనక. రాజోలిలోనూ రాయరు, అక్కడ పోలేదు గనక. పురుటికి పుట్టింటికొచ్చిన పిల్ల పోతే అత్తగారి ఊరి లెక్క. గొర్రెల కాపరి పోతే మంద ఎవరిదో ఆ ఊరి లెక్క. వనపర్తి, గద్వాల మనుషులైతే మా పటేళ్లకు మరీ హాయి. వాళ్ల సంస్థానాలు వేరు, కచేరీలు వేరు. అలా ఒక్కో ఊరూ తన శవాన్ని పక్క ఊరికి అప్పజెప్పింది. పక్క ఊరు పుచ్చుకోలేదు.

పేష్కారు దగ్గర మొర పెట్టుకున్నాను.

“సాబ్, అన్ని ఊర్లు ఖైరియత్ అంటున్నయి. బయట చూస్తే మనుషులు పోతున్నరు.”

“కాగితం ఏమంటది బేటా?”

“ఖైరియత్ అంటది.”

“టీకాల డాక్టరు ఒక్కడే ఉన్నడు. రోగమున్న ఊరికే పంపాలె. ఏ ఊర్ల ఉందో నువ్వే చెప్పు, కాగితాలు నీ చేతులనే ఉన్నయి గద.” ఆయన కళ్లజోడు తీసి ముక్కు నలుపుకున్నాడు. “ఒక్క పటేలుతోనన్న రాయించుకరా. డాక్టరును బండి ఎక్కించే జిమ్మా నాది.”

ఆ వారమే మా అక్క నుంచి కబురొచ్చింది. అక్కనిచ్చిన ఊరు కోడేరు పోయే బాటలో ఉంది. బావ ఆ ఊరి పోలీసు పటేలు. తాలూకాలో అందరికంటే అందమైన ఖైరియత్ ఆయనది, ముత్యాల్లాంటి అక్షరాలు. కబురు తెచ్చిన నూనె అమ్మేవాడు అక్క మాటను అక్క గొంతుతోనే అప్పజెప్పాడు: “మా వాడల ఇండ్లు ఇండ్లే పడుకున్నయి. డాక్టరును తోల్కరా. లేకుంటే నన్ను చివరిసారి చూసిపోనీకె నువ్వన్న రా.”

వెంటనే గుర్రమెక్కాను. ఒడ్డులొరుసుకుని పారే వాగులో గుర్రాన్ని ఈదించి, తడిబట్టలతో ఊళ్లోకి దౌడు తీశాను.

గుర్రం లేదు. పల్లికాయ దించి ఖాళీగా పోతున్న ఎడ్లబండి ఎక్కాను. బండివాడు నిద్రపోయాడు, కాసేపటికి ఎడ్లూ నిద్రపోయినట్టే నడిచాయి. వాగు మోకాలి బంటి. బండి దిగి దాటుతుంటే నా చెప్పొకటి పోయింది, తడిసింది మోకాళ్ల వరకే.

బావ అరుగు మీద తమలపాకుకు సున్నం రాస్తున్నాడు.

“ఏం బామ్మర్ది, పండుగా లేదు పబ్బమూ లేదు, గిట్ల ఊడిపడ్డవ్?”

“నీ ఖైరియత్ చూసిపోదామని వచ్చిన.”

“చూడు మరి. నీ ముందట్నే కూసున్న.”

“ఈ వారం ఎందరు పోయిన్రు బావా?”

“ఎవ్వరు పోలే.”

వెనక వాడలోంచి ఏడుపు వినిపిస్తోంది. “మరి ఆ ఏడుపేంది?”

“గానుగోళ్లింట్ల. వాని మేనల్లుడు. ధరూర్ పిల్లగాడు.”

“పోయిండా?”

“పోయిండు. నేను లేదంటున్ననా? గని మా ఊరోడు కాదు.”

“అంతకుముందు?”

“చీరెలాయన, రాజోలోడు. బండాయన, గద్వాల సంస్థానపోడు. ఆయన్ని నేను రాస్తే రెండు సర్కార్ల నడుమ తగువు పెట్టినోణ్ణయిత.”

“ఎదురింటి తాత అరుగు మీద లేడు, ఆయన గూడ పోయిండా? ఆయన ఈడనే పుట్టిండు గద.”

“ఆయనకు ఎట్లనో దినాలు దగ్గరపడ్డయి. గది రోగమెట్లయితది?”

నా చేతిలో ఏముంటే అది విసిరేసేవాణ్ణి. మిగిలిన చెప్పొకటే ఉంది, తిరిగి వెళ్లాలి గదా అని ఆగాను. “మనిషి యాడోడని నేను అడుగుతలేను బావా. రోగం యాడ పట్టిందో అడుగుతున్న. నువ్వు రాస్తెనే డాక్టరొస్తడు.”

“రాస్తె సంత బంద్ పెడ్తరు. మా ఊరికి పిల్లనిచ్చేటోడుండడు. మా తాత పటేల్గిరి సంది ఈ ఊరి కాగితం మీద మచ్చ లేదు, తెల్సా?”

అప్పుడు అక్క గోడ పట్టుకుని బయటికొచ్చింది. పక్కింట్లో గర్భిణి పిల్ల గత్తరతో పడిపోతే నాలుగు రోజులుగా ఆమెకు చాకిరీ చేస్తోంది. ఆ పిల్ల వనపర్తి కోడలు, పురుటికి పుట్టింటికొచ్చింది. సహజంగానే బావ లెక్కలో ఆ పిల్ల కూడా లేదు.

పదిమందిలో అక్క బావతో నేరుగా మాట్లాడదు. నాకు చెబుతుంది, ఆయనా నాకే జవాబిస్తాడు. ఇద్దరి మధ్య నేను కిటికీలాంటివాణ్ణి.

“తమ్మీ, మీ బావను అడుగు. నేను ఏ ఊరిదాన్ని?”

“గదేం సవాలు బామ్మర్ది? నా ఎంబడి వచ్చిన నాడే ఈ ఊరిదైంది.”

“నాగర్‌కర్నూల్‌దాన్ని కాదు గద?”

“కాదు. పుట్టింటి లెక్క పుట్టింటికాడనే తెగింది.”

“ఖరారేనా?”

“ఖరారే.”

“అయితే నన్ను రాయమను. పొద్దుగాల సంది చెంబు కింద పెట్టకుండ తిరుగుతున్న. రెండుమార్లు కక్కిన.”

బావ నోట్లో ఆకు నమలడం ఆగిపోయింది. “రాత్రి పచ్చిపులుసు పడలేదేమో,” అన్నాడు. ఈసారి నాతో అనడం మరిచిపోయి, అక్కతోనే అన్నాడు.

“పచ్చిపులుసు తను గూడ తిన్నడు తమ్మీ,” అని అక్క అరుగు అంచున కూలబడింది. పిక్కలు పట్టేశాయి. కళ్లు లోపలికి పోయాయి. నా ఒళ్లో తల పెట్టి, తమ్మీ ఇంక సెలవు, అంది.

అనలేదు. నేను ఏడుస్తుంటే నా చెయ్యి విదిలించి, “ఏడ్సుడు తర్వాత, గంజిల ఉప్పేసి తే,” అంది. తెచ్చాను. నేను తిరిగొచ్చేసరికి బావ దౌతి, కలం, కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. ముత్యాల్లాంటి అక్షరాలు ఆవేళ వంకర్లు పోయాయి. గత్తర, ఒకరు, అని రాశాడు.

“ఒకరేంది? పక్కింటి పిల్లను గూడ రాయమను.”

“ఆ పిల్ల వనపర్తి...” అని బావ మధ్యలో ఆగాడు.

“ఎవ్వరి కోడలైతేంది తమ్మీ? ఈ ఊరి నీళ్లు తాగే పడ్డది. చీరెలాయన నీళ్లు రాజోలి నుంచి మూట కట్టుకచ్చుకున్నడా? బండాయన గద్వాల నుంచి తెచ్చుకున్నడా? అందరం ఆ వాగు ఇసుకల తోడిన చెలిమెల నీళ్లే తాగినం.”

బావ అందరినీ రాశాడు, ఎదురింటి తాతతో సహా.

ఆ కాగితం పట్టుకుని నేను తిరిగొచ్చాను. పేష్కారు మాట నిలబెట్టుకుని డాక్టరును బండి ఎక్కించాడు. నీళ్లలోని రోగం చావడానికి వాగు చెలిమెల్లో ఎర్రమందు పోశారు. సూదికి భయపడి జొన్నచేలల్లో దాక్కున్న వాళ్లను బావ రెక్కపట్టి లాక్కొచ్చాడట. అక్క పుల్లలా చిక్కిపోయినా లేచి తిరిగింది. వనపర్తి పిల్ల మాత్రం డాక్టరు బండి వాగు దాటకముందే పోయింది. కాగితం ఒక్క వారం ముందొచ్చి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. అనుకుని ఏం లాభం?

నా కష్టాలు అక్కడితో తీరలేదు. పటేలింటి ఇల్లాలినే రాశారని తెలిశాక మిగతా ఊళ్ల పటేళ్లకూ ధైర్యం వచ్చింది. సున్నాలు పోయి అంకెలొచ్చాయి. అంకెలు చూసి తహసీల్దారుకు కోపం వచ్చింది.

“డాక్టరు పోయినంకనే రోగం పెరిగిందని కాగితం అంటుందట,” అన్నాడు పేష్కారు. “డాక్టరును వాపస్ పిలవమంటున్నరు.”

“రోగం పెరగలేదు సాబ్. రాసుడు పెరిగింది.”

“నాకు తెల్వదా? పోయి ఆయనకు చెప్పు.”

వెళ్లి, బల్ల గుద్ది చెప్పాను. అంటే, గుమ్మం దాకా వెళ్లి దగ్గి వచ్చాను. చెప్పింది పేష్కారే. ఎంతసేపు చెప్పాడో గాని, డాక్టరును వెనక్కి పిలవలేదు.

కొన్నాళ్లకు జిల్లా నుంచి బావ కాగితం తిరిగొచ్చింది. వనపర్తి సంస్థానపు కోడలు నాగర్‌కర్నూల్ లెక్కలోకి ఎలా వచ్చింది, కొట్టివేసి పంపండి అని అడిగారు. పేష్కారు దాన్ని బావకు పంపాడు. బావ కొట్టివేయలేదు. తన ముత్యాల అక్షరాలతో కింద ఇంతే రాశాడు: ‘ఆమె మా ఊరి నీళ్లు తాగి పోయింది. మా ఊరి లెక్కలోనే ఉండాలి.’

ఆ జవాబు బావకు నేనే నూరిపోశానని కచేరిలో కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాను. అక్క ముందు మాత్రం ఎన్నడూ చెప్పలేదు.