ఉరుకుందలో తప్పిపోయిన నాయన కోసం వ్యానుకు మైకు కట్టించిన రోజు

ఎనభైల్లో ఒక శ్రావణ సోమవారం, ఉరుకుంద ఈరన్న తిరునాళ్ల తోపులాటలో మా నాయన నా చేతి పట్టు జారి జనంలో కలిసిపోయాడు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయనకు మతి నిలవదు. తన ఊరి పేరు కూడా చెప్పలేడు. చీకటి పడేదాకా పిలిచి పిలిచి నా గొంతు బొంగురుపోయింది.

మర్నాడు తొలి బస్సుకు ఆదోని చేరి ఖాసిం అనే డ్రైవరు వ్యాను బాడుగకు మాట్లాడుకున్నాను. ఉరుకుంద నుంచి ఆదోనికి గంటకు పైనే పడుతుంది, తిరునాళ్లప్పుడు నిలబడే రావాలి. వ్యానులో కంపెనీ బిగించిన స్టీరియో ఉంది గానీ దాని చప్పుడు పక్క వీధికి కూడా వినబడదు. అందుకని మైకుసెట్ల అంగడికి పోయాం. అంగడాయన నరసన్న, ఉన్న కాస్త గొంతూ పోకముందే నా పిలుపును క్యాసెట్టుకెక్కించాడు. "నాయనా, నేను సుశీలని. వ్యాను కాడికి రా."

తర్వాత డ్యాష్‌బోర్డు విప్పి, స్టీరియో స్పీకర్లకు పోయే వైర్లను తన మైకుసెట్టు యాంప్లిఫయరుకు కలిపాడు. కరెంటు కూడా స్టీరియో వైరు నుంచే తీసుకున్నాడు. స్విచ్చి వేయగానే ఫ్యూజు కొట్టేసింది.

"ఈ సన్న వైరు తట్టుకోల్యాక్కా. బ్యాటరీ కాడ్నుంచే తెస్తా."

"బిరీన కానీయన్నా. ఎండ ముదురుతాంది. ఆయన నీళ్లు గూడా అడగల్యాడు."

లావు వైరు లాగి, మధ్యలో పెద్ద ఫ్యూజు పెట్టి, వ్యాను పైన గొట్టం స్పీకరు కట్టేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది.

వ్యానులో తిరిగి ఉరుకుంద పోతే, అక్కడ టీ కాసే ఆమె, అట్లాంటి పెద్దాయన నిన్న ఎమ్మిగనూరు బస్సెక్కినాడని చెప్పింది. దారిలో ప్రతి ఊరి దగ్గరా ఆగి క్యాసెట్టు వేశాం. ఎమ్మిగనూరు చేరేసరికి నా నోటి నుంచి గాలి తప్ప మాట రావడం లేదు. మగ్గాల వీధిలో ఖాసిం ఉన్నట్టుండి బ్రేకు వేశాడు.

"అక్కా, ఆడ సూడు!"

నాయన. చెప్పుల్లేవు, మోకాలి మీద నెత్తురు గడ్డకట్టింది. తల ఎత్తి గొట్టం వైపే చూస్తూ వస్తున్నాడు. పరుగెత్తి పట్టుకున్నాను. ఆయన చెయ్యి విడిపించుకున్నాడు.

"ఎవరు తల్లీ నువ్వు? ఇడ్సు నన్ను. నా కూతురు పిలుస్తాంది, పోవాల."

నేనే నాయనా అనబోయాను. శబ్దం రాలేదు.

గొట్టం కిందికి వచ్చిన ఆయన్ను ఖాసిం వ్యానెక్కించాడు. ఆదోని దాకా ఆ క్యాసెట్టు ఆపలేదు. ఆపితే నాయన తలుపు తీసుకుని దిగబోతున్నాడు. నా గొంతు వారానికి తిరిగొచ్చింది గానీ ఆయన మళ్లీ నన్ను గుర్తుపట్టలేదు. సంక్రాంతి దాకా ఉన్నాడు, అంతే. నాయన దొరికాడు కదా అని అందరూ సంతోషించారు.

మతి నిలవని పెద్దలను తిరునాళ్లకు తీసుకుపోతుంటే, అంగీ లోపల పేరూ ఊరూ దారంతో కుట్టించండి. జేబులో చీటీ పెడితే పడిపోతుంది.