కుక్క వాసన పోగొట్టిన వారం

మణుగూరులో మేమున్న కిరాయి ఇల్లు బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కనే. పొద్దున తుడిచిన గచ్చు మధ్యాహ్నానికి నల్లబడేది. అమ్మకు ఆయాసం. చీపురు పట్టామంటే చాలు, లేచిన దుమ్ముకు ఊపిరి అందక గోడ పట్టుకుని నిలబడిపోయేది. ఇంట్లో చీపురు వాడొద్దని దవాఖానాలో డాక్టర్ గట్టిగా చెప్పాడు.

అప్పుడే మా బడిలో తోటి టీచర్, గని కార్మికుల క్వార్టర్లలో ఒకామె ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్ముతోందని చెబితే వెళ్లాను. ఆమె భర్త పోయి ఇంకా ఏడాది కాలేదు. క్వార్టర్ అప్పగించి, తిరుమలాయపాలెం దగ్గర తమ్ముడి ఊరికి వెళ్లిపోతోంది. ఆ సామాన్లలో దుమ్ము లాగే వ్యాక్యూమ్ క్లీనర్ ఒకటి పాత చీరలో చుట్టి ఉంది. అమ్మ ఆయాసం సంగతి చెప్పి కొన్నాను.

"మంచిగనే నడుస్తది చెల్లె. దీనికి దుమ్ము పట్టే సంచి ఇంకోటి ఉండాలె. దొరికితే తీసిపెడతా, మళ్లొకసారి రా" అంది.

ఇంటికి తెచ్చి స్విచ్ వేశాను. మోటారు వేడెక్కేసరికి గదంతా తడిసిన కుక్క వాసన. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దగ్గుతూ వాకిట్లోకి వెళ్లింది.

"ఏందే బిడ్డా ఇది, దుమ్మే నయముండె" అంది.

ఆదివారం వాకిట్లో కూర్చుని దాన్ని విప్పాను. సంచి నిండా దుమ్ము, అందులో ఉండలు కట్టిన కుక్క బొచ్చు. అదంతా న్యూస్‌పేపర్లో పొట్లం కట్టి చెత్తబండిలో వేశాను. సంచిని తిరగేసి, వెనిగర్ కలిపిన సబ్బునీళ్లలో నానబెట్టి ఉతికాను. పైపునూ దాని చివరి బ్రష్‌నూ అదే నీళ్లతో కడిగి దండెం మీద వేలాడదీశాను. డబ్బా లోపల వంటసోడా చల్లి, పూటంతా ఉంచి పొడిగుడ్డతో తుడిచాను. అన్నీ రెండు రోజులు ఎండాక మళ్లీ వేసి చూస్తే, మళ్లీ అదే వాసన.

మిక్సీలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను.

"గాలి ఎనక నుంచి బయటికొచ్చే కాడ చిన్న స్పాంజి ఉంటది మేడం. వాసనంతా దాంట్లనే ఉంటది" అంటూ దాన్ని తీసి పడేసి, కొత్త ముక్క కత్తిరించి పెట్టాడు.

వాసన పోయింది. అమ్మ మంచం మీదే కూర్చుని ఉండగా కింద శుభ్రం చేశాను. ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆ సంతోషంతోనే రెండో సంచి కోసం క్వార్టర్‌కు వెళ్లాను.

ఇల్లు దాదాపు ఖాళీ అయింది. ఆమె సంచి తెచ్చి చేతికిచ్చింది.

"కుక్క వాసన మస్తుగ ఉండె అక్కా. వారం పట్టింది కడగనీకి. ఇప్పుడు పూర్తిగ పోయింది" అన్నాను.

ఆమె మంచం ఉండిన చోటు వైపు చూసింది.

"ఆయన పెంచిండు దాన్ని" అంది తర్వాత. "ఆయన గుండెపోటుతోటి పోయినంక కూడా డ్యూటీ నుంచి వచ్చే టైముకు పోయి గేటు కాడ పండేది. పిలిచినా రాకపోయేది. వానలు మొదలైనంక అదీ పోయింది. మంచం కింద దాని బొచ్చుంటే ఊడ్వబుద్ధి కాలె నాకు. మా తమ్ముడొచ్చి ఆ మిషన్ పెట్టి అంతా గుంజిండు. నేను వద్దనలే. అమ్మినప్పుడు కూడా యాదికి రాలె." ఆగి, నా వైపు చూడకుండా అడిగింది. "ఏమన్న మిగిలిందా చెల్లె?"

"లేదక్కా. చెత్తబండిల వేసిన."

"పోనీ తియ్యి. నీకేం ఎరుక" అంది. తర్వాత, "మీ అమ్మకు ఆయాసం తగ్గిందా?" అని అడిగింది. తగ్గిందన్నాను. "గదే కావాలె" అంది.

ఇంటికొచ్చి మళ్లీ అన్నీ విప్పాను. బ్రష్ తిరిగే ఇరుసుకు ఒకచోట బొచ్చు గట్టిగా చుట్టుకుని ఉంది. పిన్నీసుతో లాగితే గోరంత ముద్ద వచ్చింది. కాగితంలో పెట్టుకుని, మర్నాడు బడికి వెళ్లే ముందే క్వార్టర్ దగ్గరికి పరిగెత్తాను. ఆమె సామాన్లు ఆటోలోకి ఎక్కించి, తాళం వేసి నిలబడి ఉంది.

కాగితం విప్పి చూసింది. "తెల్లది. ఇది పొట్ట కాడిది" అంది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"సబ్బు వాసనొస్తుంది" అంది మెల్లగా.

నన్ను తప్పుపట్టి అన్నది కాదు. కాగితం మడిచి కొంగున ముడేసుకుని ఆటో ఎక్కింది. "అమ్మను జర పైలంగ చూస్కో" అంది. నేను తల ఊపాను. ఆ రోజు బడిలో పిల్లలు లెక్క అడిగితే బోర్డు మీద తప్పు చేసి, చెరిపి, మళ్లీ తప్పే చేశాను.