వీణ కచేరీకి వచ్చిన సినిమా జనం

ఆ రోజుల్లో రాజమండ్రిలో సాయంత్రం ఏ హాల్లో పాట, ఏ హాల్లో నాటకం అన్నది తెలియాలంటే పొద్దున్నే మా పేపర్లో ఐదో పేజీ మూల చూడాల్సిందే. ఆ మూలని నింపే మహత్తర బాధ్యత నాది. డిగ్రీ అవగానే దొరికిన ఉద్యోగం. నాలుగు వేళ్ల వెడల్పు కాలమ్ రాస్తూ, ఈ ఊరి కళలన్నీ నా చేతిమీదుగానే నడుస్తున్నాయని గట్టిగా నమ్మేదాన్ని (ఎవరూ కాదనలేదు మరి, ఎవరికీ చెప్పలేదు కాబట్టి). మా సబ్ ఎడిటర్ గారిని వెనకాల కామాగారు అనుకునేవాళ్లం. ఒక్క కామా తప్పితే అరగంట క్లాసు పీకేవారు. ఆయన సెలవు పెట్టిన శనివారం నాడే నేను రెండు హాళ్లని తారుమారు చేశాను. దానవాయిపేటలో జరిగే వీణ కచేరీని కోటిపల్లి బస్టాండు దగ్గరికి, అక్కడ వేయాల్సిన కాలేజీ కుర్రాళ్ల షార్ట్ ఫిల్ములని దానవాయిపేటకి పంపించేశాను. రెండూ ఆదివారం సాయంత్రం ఆరింటికే.

ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, నా కాలమ్ నేనే మురిసిపోతూ చదువుకుంటుంటే సంగతి తెలిసింది. పేపరు మడిచి అమ్మకి కనపడకుండా దాచేశాను. ఎందుకంటే ఆ వీణ వాయించేది మా అమ్మకి చిన్నప్పుడు సంగీతం నేర్పిన టీచరమ్మ గారు. చెయ్యి విరిగి రెండేళ్లు వీణ ముట్టుకోలేదు. మళ్లీ వేదికెక్కడం ఆ రోజే. నా మూలాన ఆవిడ ఖాళీ కుర్చీలకి వాయించాలా? అమ్మతో చెప్పే ధైర్యం లేక కామాగారికి ఫోన్ చేశాను.

"ఇంటింటికీ వెళ్లి పేపర్లు వెనక్కి తేలేం గదమ్మా. వెళ్లి గేటు దగ్గర నిలబడు. వచ్చినోళ్లకి చెప్పు," అన్నారు. తిట్టలేదు. దాంతో ఇంకా భయమేసింది.

నేను దానవాయిపేట హాలుకి వెళ్లేసరికి కుండపోత వాన. హాలు నిండా కాలేజీ కుర్రకారు. "ఇక్కడ సినిమా కాదండీ, వీణ," అని అందరికీ చెప్పాను. "వాన తగ్గాక వెళ్తాం లెండి మేడమ్," అన్నారు. (నన్ను మేడమ్ అనడం అదే మొదటిసారి. అంత కంగారులోనూ కాస్త సంతోషించాను.) టీచరమ్మ గారు వేదిక మీద కూర్చుని తీగలు సవరిస్తుంటే వెనక నుంచి ఒకడు, "బొమ్మ ఎప్పుడండీ?" అని అరిచాడు. నేను స్తంభం చాటుకి జరిగాను.

ఆవిడ తలెత్తి, "ఇది కనపడే బొమ్మ కాదు నాన్నా, వినపడేది. వాన తగ్గేదాకా కూర్చోండి. నచ్చకపోతే లేచెళ్లిపోండి, నేనేం అనుకోను," అన్నారు.

మొదట్లో వేళ్లు తడబడ్డాయి. ఆపేసి, "చెయ్యి ఇంకా మొరాయిస్తోంది, ఉండండి," అన్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు, తర్వాత హాలంతా కొట్టింది. ఆవిడ మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఆగలేదు. కాసేపటికి వాన ఆగింది. ఏడెనిమిది మంది లేచి వెళ్లారు. మిగతావాళ్లు కదల్లేదు సరికదా, చివర్లో "ఇంకోటండీ!" అని అడిగారు. అవతలి హాల్లో మాత్రం ఆవిడ పాత శ్రోతలు వానకి కదల్లేక దెయ్యం సినిమా చూశారట. "ఆ పిల్లకెవరైనా జడెయ్యండర్రా," అని ఒక పెద్దాయన బాధపడ్డారని ఆ సినిమా తీసిన కుర్రాడే తర్వాత చెప్పాడు.

కచేరీ అయ్యాక టీచరమ్మ గారి దగ్గరికెళ్లి తప్పంతా ఒప్పుకున్నాను.

"పొద్దున్నే చూశానమ్మా," అన్నారావిడ. "మీ ఆఫీసుకి చెబుదామని ఫోన్ కూడా తీశాను. కానీ ఎప్పుడూ వచ్చే ఆ పాతికమందీ ఉన్నారే, ఒక్క స్వరం తప్పినా కనిపెట్టేస్తారు. రెండేళ్ల తర్వాత వాళ్ల ముందు కూర్చోవాలంటే గుండె దడ. ఈ కుర్రాళ్లకైతే తెలీదులే అని ఊరుకున్నా. నీ పుణ్యమా అని భయం తీరింది."

క్షమాపణ చెప్పడానికి వెళ్లి దీవెన తెచ్చుకున్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను. అంతటితో ఊరుకున్నానా? తడిసిన చున్నీతో కళ్లు తుడుచుకుని, "అయితే వచ్చే నెల కూడా తప్పే రాయనాండీ?" అని అడిగాను.

"వద్దు తల్లీ. ఈసారి అందర్నీ రానియ్యి," అని ఆవిడ పకపకా నవ్వారు. అంత పెద్ద మనసు ముందు నిలబడి అలాంటి ప్రశ్న అడిగిన ఆ పిల్లని తలుచుకుంటే, నాకిప్పుడు నవ్వుతో పాటు కాస్త ముద్దు కూడా వస్తుంది.